మధురవాణి రావడానికి 63 ఏళ్లు

ఏడాది వయసున్న ఆడపిల్లకు 350 నుంచి 400 రూపాయలు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో విశాఖపట్నం జిల్లాలో పెళ్లి పేరిట పలికిన ధర ఇది. కడుపులో ఉన్న బిడ్డకు కూడా బేరాలు కుదిరేవి.

విజయనగరం మహారాజు ఆనంద గజపతి సాధారణ బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్లకు జాబితా తయారు చేయించారు. మూడేళ్ల లెక్క తీస్తే 1,034 పెళ్లిళ్లు తేలాయి. ఆ పిల్లల్లో ఐదేళ్ల వాళ్లు 99 మంది, నాలుగేళ్ల వాళ్లు 44 మంది, మూడేళ్ల వాళ్లు 36 మంది, రెండేళ్ల వాళ్లు ఆరుగురు. ఏడాది పసిగుడ్లు ముగ్గురు. డబ్బు తీసుకున్నామని ఒప్పుకోవడానికి ఎవరూ ముందుకు రారు కాబట్టి జాబితాకు ఎక్కనివి ఇంకా ఉంటాయి. దీన్ని ఆపాలని మహారాజు మద్రాసు శాసనమండలిలో బిల్లు తెచ్చారు. అది చట్టం కాలేదు.

ఈ అంకెలన్నీ గురజాడ అప్పారావు తన 'కన్యాశుల్కం' నాటకానికి రాసిన ఇంగ్లీషు పీఠికలో ఉన్నాయి. తెలుగువాళ్లు తరతరాలుగా చెప్పుకుని నవ్వుకునే నాటకానికి పునాది ఈ లెక్క. 1955లో వచ్చిన సినిమాలో ఎన్.టి.రామారావు గిరీశాన్నీ సావిత్రి మధురవాణినీ చూసి ఆనందించే మనం ఆ పునాదిని మరిచిపోతాం. అందుకే ఈ నాటకం ఎలా పుట్టింది, ఎలా పెరిగింది, తెర మీదికి ఎలా ఎక్కింది అనేది మొదటినుంచీ చెప్పుకోవాలి. ఆ దారి పొడుగునా నాకు కనిపించేది నాటకంలోని వేశ్య మధురవాణే. రచయిత చేతిలో చిన్నగా మొదలై, ఆయన చేతిలోనే పెద్దదై, మగ నటుల ఒంటి మీద బతికి, చివరికి సావిత్రి ముఖంలోకి వచ్చి చేరిన పాత్ర అది.

1892 ఆగస్టులో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వాళ్లు నాటకాన్ని మొదటిసారి ఆడారు. గురజాడకు అప్పటికి ముప్పై ఏళ్లు నిండలేదు. సంస్థానంలో శాసనాల పరిశోధన చేసేవారు, మహారాజా కళాశాలలో పాఠాలు చెప్పినవారు. అప్పట్లో రంగస్థలమంటే పురాణ పురుషులు, గ్రాంథిక భాష, పద్యాలు. ఆ వేదిక మీదికి అగ్రహారం పంతుళ్లు వచ్చి ఇంట్లో మాట్లాడుకునే తెలుగే మాట్లాడారు. అప్పు ఎగ్గొట్టేవాడు, కూతుర్ని అమ్ముకునేవాడు, ముసలితనంలో పసిపిల్లను కొనుక్కునేవాడు, దొంగసాక్ష్యం చెప్పేవాడు, అందరూ ఎదురింటివాళ్లలా కనిపించారు. నాటకం పుస్తకంగా 1897లో అచ్చయింది. వ్యావహారిక భాష కోసం గిడుగు రామమూర్తితో కలిసి గురజాడ చేసిన పోరాటం ఇంకా ముందుంది.

ఇక్కడిదాకా చాలామందికి తెలిసిన కథే. పెద్దగా చెప్పుకోనిది ఆ తర్వాతిది. మనం ఇవాళ చదివే 'కన్యాశుల్కం', సినిమాకు ఆధారమైన 'కన్యాశుల్కం', 1892లో ఆడిన నాటకం కాదు. గురజాడ దాన్ని పక్కన పెట్టి మళ్లీ మొదటినుంచీ రాశారు. 1909లో వచ్చిన రెండో కూర్పు మొదటిదానికంటే చాలా పెద్దది. ఐదంకాలు ఏడయ్యాయి. కొత్త మనుషులు వచ్చారు. అప్పటికే పేరు వచ్చిన నాటకాన్ని పదిహేడేళ్ల తర్వాత విప్పి, మళ్లీ కట్టడానికి ఎంత గుండె కావాలో రాసేవాళ్లకు తెలుసు. జనం మెచ్చారు కదా అని ఆయన అక్కడే ఆగిపోలేదు. అలా ఆగి ఉంటే మనకు ఒక మంచి సంస్కరణ నాటకం మిగిలేది. మహాకృతి దక్కేది కాదు.

రెండో కూర్పులో అందరికంటే ఎక్కువ పెరిగింది మధురవాణి. మొదటి కూర్పులో ఆమెది చిన్న పాత్ర. 1909లో నాటకం మొత్తం ఆమె వేలి కొసల మీద తిరుగుతుంది. మోసగాడు గిరీశాన్ని వదిలి రామప్పంతులు పంచన చేరుతుంది. కరటక శాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి ముసలి లుబ్ధావధాన్లుకు అమ్మితే, ఆ కపటానికి తన కంటె కూడా ఇచ్చి సాయం చేస్తుంది. ఎందుకు? ఎక్కడో కృష్ణరాయపురం అగ్రహారంలో ఒక పసిపిల్ల ముసలివాడి పాలు కాకుండా ఉండాలని. ఆ పిల్లను ఆమె కంటితో చూడలేదు. చివరికి మగ వేషంలో విశాఖపట్నం వెళ్లి, వేశ్యల ముఖం చూడనని వ్రతం పట్టిన వకీలు సౌజన్యారావు పంతులు ఎదుట నిలబడుతుంది. గిరీశం గుట్టు బయటపెట్టేది ఆమే. బాలవితంతువు బుచ్చమ్మ వాడి చేతిలో పడకుండా పూనాలోని వితంతు శరణాలయానికి చేరడానికి కారణం కూడా ఆమే.

ఆ కాలాన్ని తలుచుకుంటే ఇది ఎంత సాహసమో తెలుస్తుంది. 1881 డిసెంబరులో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆ వెనకే మద్రాసు రాష్ట్రమంతటా భోగం మేళాల మీద ఉద్యమం లేచింది. సంస్కర్తలు మేజువాణీలకు వెళ్లమని ప్రమాణాలు చేశారు. ఉద్యమం అవసరమైనదే, దాని వల్ల ఎన్నో జీవితాలు మారాయి. అయితే ఆ ప్రమాణాల్లో ఆ స్త్రీలను మనుషులుగా చూడడానికి చోటు దొరకలేదు. గురజాడ సంస్కరణ పక్షాన ఉంటూనే ఆ లోటును పట్టుకున్నారు. నాటకంలో అందరికంటే నిజాయితీ గల పెద్దమనిషికీ అందరూ వెలివేసిన మనిషికీ ముఖాముఖి పెట్టి, ఆమె చేత ఆయన్ను ప్రశ్నలు అడిగించారు. నా దృష్టిలో ఏడో అంకంలోని ఆ ఘట్టంతో తూగేది తెలుగు నాటకంలో మరొకటి లేదు.

మరి అంత పాత్రను ఆడిందెవరు? మగవాళ్లు. ఆనాటి నాటక సమాజాల్లో ఆడవేషాలన్నీ మగవాళ్లే కట్టేవారు. కరటక శాస్త్రి శిష్యుడు ఆడపిల్లగా మారే దృశ్యాన్ని ఆ కళ్లతో చూడండి: వేదిక మీద మధురవాణీ మగవాడే, బుచ్చమ్మా మగవాడే, వాళ్ల నడుమ ఒక మగపిల్లవాడు మాత్రం కథ ప్రకారమే ఆడవేషం కట్టి లుబ్ధావధాన్లును బుట్టలో వేస్తాడు. ప్రేక్షకులకు అది ఎంత వినోదమై ఉంటుందో ఊహించుకోవచ్చు.

మధురవాణి వేషానికి పేరు తెచ్చినవాళ్లలో ముందు చెప్పాల్సింది స్థానం నరసింహారావును. బాపట్లలో పుట్టి, తెనాలి శ్రీరామ విలాస సభలో వెలిగిన నటుడు. సత్యభామగా, చింతామణిగా, రోషనారగా ఆంధ్రదేశాన్ని ఊపేసినవాడు. 1956లో పద్మశ్రీ అందుకున్నాడు. పద్యాల మీద, జడ విసురు మీద బతికే వేషాలు వేరు, మధురవాణి వేరు. ఈమెకు పద్యాల దన్ను లేదు. మాట విరుపు, కంటి చూపు, ఎదుటివాడి తెలివితక్కువతనాన్ని ముందే పసిగట్టిన చిరునవ్వు, ఇవే పెట్టుబడి. అటువంటి పాత్రను మగ గొంతుతో, మగ ఒంటితో నమ్మించిన నటుల కృషి మన నాటక చరిత్రలో దక్కాల్సినంత గౌరవం పొందలేదు.

పెద్దమండ్యం, మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు జనానికి మగవాళ్లు ఆడవేషం కట్టడం వింతగా తోచదు. మా వైపు ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతం పెడితే పగలు హరికథ, రాత్రంతా నాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కేదాకా, చివరినాడు నేల మీద మట్టితో పోసిన దుర్యోధనుడు కూలేదాకా ద్రౌపది వేషం మగవాడిదే. ఆ వేషగాడి ముందు ఆడవాళ్లు చేతులెత్తి మొక్కుతారు. వేషం కట్టినవాడెవరో వాళ్లకు తెలియక కాదు. ఆ రాత్రికి అతను ద్రౌపదే.

ఆడవాళ్లే ఆడవేషాలు కట్టే సంప్రదాయం కూడా మాకు దూరంలో పుట్టలేదు. రాయచోటి దాటి వేంపల్లె దిక్కుగా పోతే చక్రాయపేట దగ్గర సురభి ఉంది. 1885లో 'కీచక వధ'తో అక్కడ మొదలైన సురభి నాటక సమాజం కుటుంబాలకు కుటుంబాలనే వేదిక ఎక్కించింది. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో నటించింది వాళ్లే. అంటే తెలుగు సినిమా మొదటి అడుగే నాటకం మీద పడింది. ఆరేళ్లకు సోమరాజు రామానుజరావు 'రంగూన్ రౌడీ' నాటకాన్ని హెచ్.ఎం.రెడ్డి 'గృహలక్ష్మి'గా తీస్తే, చిత్తూరు రామవిలాస సభలో ఆడి పాడిన నాగయ్య దానితోనే తెరకు పరిచయమయ్యాడు. పుట్టింది గుంటూరు జిల్లాలో అయినా ఆయన పేరు ముందు మా చిత్తూరు శాశ్వతంగా నిలిచిపోయింది. మరుసటి ఏడు కాళ్లకూరి నారాయణరావు 'వరవిక్రయం' సినిమా అయింది, భానుమతికి అది తొలి చిత్రం. ఆడపిల్లను అమ్ముకునే దురాచారం మీద గురజాడ రాస్తే, పెళ్లికొడుకును అమ్ముకునే దురాచారం మీద కాళ్లకూరి రాశారు. రెండింటి మధ్యా గడిచింది మూడు దశాబ్దాలే. మొదటి దురాచారం పోయింది. రెండోది మన ఇళ్లలో ఇప్పటికీ ఉంది.

ఇన్ని నాటకాలు తెరకెక్కినా 'కన్యాశుల్కం' 1955 దాకా ఆగాల్సి వచ్చింది. అది ఆలస్యమైనందుకు నాకు సంతోషమే. ఇంకా ముందే తీసి ఉంటే సావిత్రి ఉండేది కాదు.

వినోదా పిక్చర్స్ డి.ఎల్.నారాయణ 1953లో 'దేవదాసు' తీసి తెలుగు దేశాన్ని ఏడిపించిన నిర్మాత. ఆ ఊపులో ఉన్నవాడు సులువైన కథ ఎంచుకోవచ్చు. పాటలకు వీలు లేని, నాయకుడే మోసగాడైన, అగ్రహారాల లోపలి కంపును బయటపెట్టే నాటకాన్ని ఎంచుకున్నాడు. దర్శకత్వం పి.పుల్లయ్యకు, రచన వెంపటి సదాశివబ్రహ్మానికి, సంగీతం ఘంటసాలకు అప్పగించాడు. నటీనటుల్లో రంగస్థలం మీద రాటుదేలినవాళ్లకు పెద్దపీట వేశారు. లుబ్ధావధాన్లు గోవిందరాజుల సుబ్బారావు, రామప్పంతులు సి.ఎస్.ఆర్.ఆంజనేయులు, అగ్నిహోత్రావధాన్లు విన్నకోట రామన్న పంతులు, కరటక శాస్త్రి వంగర వెంకట సుబ్బయ్య. బుచ్చమ్మ షావుకారు జానకి, మీనాక్షి సూర్యకాంతం, సౌజన్యారావు పంతులు గుమ్మడి. ఈ పేర్లు చదువుతుంటేనే ఒక తరం నటన కళ్లముందు నిలుస్తుంది. ముఖ్యంగా సి.ఎస్.ఆర్. ఆయన రామప్పంతులు నడకలోనే తప్పుడు దస్తావేజు కనిపిస్తుంది.

రామారావుకు గిరీశం ఇవ్వడం సాహసం. అప్పటికే 'పాతాళ భైరవి' తోటరాముడు ఆయన, ఊరూరా అభిమానులున్న కథానాయకుడు. కోతలు కోస్తూ, పూటకో ఇంట్లో దూరుతూ, పూటకూళ్లమ్మ చీపురుకు భయపడి మంచం కింద దాక్కునే మనిషిగా కనిపించడానికి ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఆయనకూ నాటకాల నేపథ్యం ఉంది. బెజవాడ కాలేజీలో విశ్వనాథ సత్యనారాయణ వేయించిన నాటకంలో మీసం తీయకుండానే నాగమ్మ వేషం కట్టి 'మీసాల నాగమ్మ' అనిపించుకున్న కుర్రాడు ఆయన.

1955 జనవరిలో 'మిస్సమ్మ' వచ్చింది. రామారావు, సావిత్రి అందులో ఉద్యోగం కోసం భార్యాభర్తలమని చెప్పుకుంటూ కీచులాడుకునే జంట. ఆగస్టులో అదే జంట గిరీశం, మధురవాణిగా తెర మీదికొచ్చింది. 'దేవదాసు'లో పార్వతి, 'మిస్సమ్మ'లో మేరీ, ఇప్పుడు మధురవాణి. రెండేళ్లలో మూడు, ఒకదాని వాసన ఇంకోదానికి అంటలేదు. సావిత్రి చేసిన గొప్ప పని ఏమిటంటే మధురవాణి తెలివిని ఆమె వృత్తి నుంచి వేరు చేయలేదు, ఆమె మంచితనాన్ని కన్నీళ్లతో చూపించలేదు. రామప్పంతులును ఆడించేటప్పుడు ఆమె కళ్లలో నవ్వు ఒకటి ఉంటుంది, అదే ముఖం మీద మరుక్షణం విసుగు పాకుతుంది. తన బతుకు ఏమిటో తనకు బాగా తెలిసిన మనిషి విసుగు అది. గురజాడ 1909లో రాసింది దీన్నే.

సినిమా నాటకానికి కొత్తగా ఇచ్చినవి కూడా ఉన్నాయి. శ్రీశ్రీ కవితకు ఘంటసాల బాణీ కట్టి సుశీల చేత పాడించి మధురవాణి నోట పెట్టారు. తిక్కన, వేమన, గురజాడ, ఈ ముగ్గురే నా కవిత్రయం అన్న మనిషి శ్రీశ్రీ. ఆ ముగ్గురిలో వేమన మా పక్క కదిరి దగ్గర కటారుపల్లెలో సమాధి అయ్యాడు కాబట్టి మాకు ఆ మాట మీద కాస్త ఎక్కువ మక్కువ. ఇక ముసలివాడికి అమ్ముడుపోయిన పిల్ల గురించి గురజాడే విడిగా రాసిన పూర్ణమ్మ కథాగేయాన్ని కూడా సినిమాలోకి తెచ్చారు. నాటకంలో నవ్వు కింద దాగిన చావు ఆ పాటలో బయటికొచ్చింది. నిర్మాతలు తీసుకున్న నిర్ణయాల్లో దీన్నే నేను అన్నిటికంటే మెచ్చుకుంటాను.

పోయినవి కూడా చెప్పాలి. పూర్తిగా ఆడితే రాత్రంతా పట్టే నాటకాన్ని సినిమా నిడివిలోకి కుదించాలంటే సంభాషణల్లోని అల్లిక తెగుతుంది. గురజాడ మనుషులు పనికొచ్చే మాటలకంటే పనికిరాని మాటల్లో ఎక్కువ దొరుకుతారు, కత్తెర ముందు పడేది వాటి మీదే. గిరీశం కూడా మెత్తబడ్డాడు. నాటకం చదివితే వాడంటే నవ్వూ భయమూ రెండూ కలుగుతాయి. పెద్ద పెద్ద మాటలు మాట్లాడుతూ ఒక వితంతువు జీవితాన్ని కొల్లగొట్టడానికి సిద్ధపడినవాడు వాడు. తెర మీద రామారావు అందం, చలాకీతనం ఆ భయాన్ని తగ్గించేశాయి. పెద్ద హీరో వేసిన పాత్రను ప్రేక్షకుడు అసహ్యించుకోకుండా చూడాలనే ఒత్తిడి ప్రతి భాషలో, ప్రతి దేశంలో ఉండేదే.

అమెరికాలోనూ ఆ రోజుల్లో ఇదే జరిగింది. టెనెసీ విలియమ్స్ రాసిన 'ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్' 1947 డిసెంబరులో న్యూయార్క్‌లో మొదలైంది. నాటకాన్ని ఆడించిన ఎలియా కజానే 1951లో సినిమా తీశాడు. మార్లన్ బ్రాండో సహా నాటకంలోని ముఖ్య నటులంతా సినిమాలోకి వచ్చారు, ఒక్క జెస్సికా టాండీ తప్ప. బ్లాంచ్ పాత్రకు ప్రాణం పోసిన ఆమెను పక్కన పెట్టి, పేరున్న తార కావాలని వివియన్ లీని తీసుకున్నారు. లీ గొప్పగా చేసింది, ఆస్కార్ కూడా అందుకుంది. కానీ సెన్సారు వాళ్లు, మతసంస్థలవాళ్లు కథను వదల్లేదు. నాటకంలో స్టెల్లా దుర్మార్గుడైన భర్త దగ్గరే ఉండిపోతుంది. సినిమాలో ఇక తిరిగి వెళ్లనని బిడ్డనెత్తుకుని వెళ్లిపోతుంది, తప్పుకు శిక్ష పడాలి కాబట్టి. కోసేసిన కొన్ని నిమిషాలను మళ్లీ అతికించి 1993లో విడుదల చేశారు. సమాజం కాలదన్నిన ఒక స్త్రీ నాటకానికి కేంద్రంగా నిలబడితే సినిమావాళ్లు ఎక్కడ తడబడతారో ఈ రెండు కథలూ ఒకేలా చూపిస్తాయి. అయితే సావిత్రి విషయంలో మనవాళ్లు తడబడలేదు. మధురవాణిని పతివ్రతగా మార్చి జనాన్ని ఊరడించే ఆలోచన ఎవరికైనా వచ్చి ఉంటే సినిమా అక్కడే చచ్చిపోయేది.

'కన్యాశుల్కం' సినిమా విడుదలైన సమయాన్ని కూడా గమనించాలి. 1929 నాటి శారదా చట్టం పెళ్లికూతురికి కనీసం పద్నాలుగేళ్లు ఉండాలంది. 1947లో మద్రాసు ప్రభుత్వం ఆడపిల్లల్ని దేవాలయాలకు అర్పించడాన్ని నిషేధించింది. హిందూ వివాహ చట్టం 1955 మే 18న అమల్లోకి వచ్చింది, సినిమా ఆ ఆగస్టు 26న. అంటే గురజాడ పోరాడిన దురాచారాల్లో చాలావాటికి చట్టం కళ్లెం వేశాక మన ప్రేక్షకుడు తెర ముందు కూర్చున్నాడు. మహారాజు జాబితాలోని ఏడాది పాపలు అతనికి గతం. అతనికి మిగిలినవి గిరీశం కోతలు, రామప్పంతులు దొంగవేషాలు, మధురవాణి చాతుర్యం. సినిమా నవ్వుల వైపు ఒరగడానికి ఇది పెద్ద కారణమని నా నమ్మకం. 'దేవదాసు'కు పట్టిన జనం దీనికి పట్టలేదు. తర్వాతి దశాబ్దాల్లో మళ్లీ మళ్లీ చూసి, మాటలు కంఠస్థం చేసి, తెలుగువాళ్లు ఆ బాకీ తీర్చుకున్నారు.

సినిమా వచ్చినా నాటకం ఆగలేదు. విజయనగరం నుంచే జె.వి.రమణమూర్తి, ఆయన అన్న జె.వి.సోమయాజులు 1950ల నుంచి దాన్ని దశాబ్దాల పాటు ఊరూరా ఆడారు. తమ్ముడు గిరీశం, అన్న రామప్పంతులు. 'శంకరాభరణం'లో సోమయాజులును చూసి చేతులు జోడించినవాళ్లకు ఆయన రామప్పంతులుగా ఎలా ఉండేవాడో ఊహకు అందదు. 2007లో వెల్చేరు నారాయణరావు అనువాదం అమెరికాలో అచ్చయింది.

రాయలసీమ మూలన, అటు కన్నడం ఇటు అరవం కలిసే మా ప్రాంతానికి విజయనగరం అగ్రహారాల యాస చాలా దూరం. పుస్తకం పట్టుకుంటే మొదటి పేజీల్లోనే చాలామంది ఆగిపోతారు. పైకి చదివితే ఆ అడ్డు తొలగుతుంది, ఎందుకంటే అది చెవి కోసం రాసింది. మదనపల్లెలో పాత కాలేజీలున్నాయి, కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది, వేషం కట్టే కుటుంబాలు ఇంకా పల్లెల్లో ఉన్నాయి. పిల్లలు పాత్రలు పంచుకుని, రెండో కూర్పునే, ఏడు అంకాలూ, కోతల్లేకుండా నాలుగైదు సాయంత్రాలు వేదిక మీద చదవాలి. సౌజన్యారావు పంతులు ఇంట్లో జరిగే ఆ ఘట్టం దగ్గర మాత్రం తొందరపడకూడదు, మధురవాణి మాట్లాడేది ఒక ఆడపిల్ల గొంతులోనే వినిపించాలి.